మెట్టు మేస్త్రి కాళ్లు

ఎదుటివాడు బాగుపడితే మెట్టు మేస్త్రి కాళ్లు పడిపోతాయని ఆ వీధిలో ఒక మాట ఉంది.

ఊరికే పుట్టిన మాట కాదంటారు, రుజువులు కూడా చూపిస్తారు. ఆయన పనిచేసే షాపు షావుకారు కొడుకు పెళ్లయింది, మర్నాడు మేస్త్రి మంచం దిగలేదు. పక్కింటి వడ్రంగి సొంత ఇల్లు కట్టుకుని అందరినీ పిలిచి భోజనం పెట్టాడు, మర్నాడూ అంతే. ఇక సొంత బావమరిది కొట్టు తెరిచిన మర్నాడైతే మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతుంటే వీధి వీధంతా చూసింది.

"కుళ్లుంటే మనకి కడుపులో మండుతుంది. ఆయనకి మంట కాళ్లదాకా దిగిపోతుంది" అంటాడు టీ కొట్టు దగ్గర ఒకడు.

"అందుకే నేను బండి కొన్న సంగతి ఆయన చెవిన పడనివ్వలేదు. పాపం, పెళ్లాం పిల్లలున్న మనిషి" అంటాడు ఇంకొకడు.

మేస్త్రి అటుగా వస్తే గ్లాసులు చేత్తో కప్పుకుంటారు, ఆయన చూపు పడి టీ విరిగిపోతుందన్నట్టు. ఆయన చూసీ చూడనట్టు వెళ్లిపోతాడు.

ఆయన అద్దాల షాపులో మేస్త్రి. కిటికీలకీ తలుపులకీ దుకాణాల ముఖాలకీ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. మెట్టు మేస్త్రి అన్న పేరు కూడా ఆ పని పెట్టిందే. మనిషంత ఎత్తున్న అద్దాన్ని ఇద్దరు మోసేటప్పుడు ఒకరు వెనక్కి నడవాలి. రెండోవాడు ముందుకి నడుస్తూ దారి చూసి చెప్పాలి. "మెట్టు." "గడప." "ఎడమకి." "ఆగు." వెనక్కి నడిచేవాడికి కళ్లుండీ లేనట్టే. అద్దంలోంచి ఎదుటి మొహం ఒక్కటే కనిపిస్తుంది. ఆ మొహాన్ని నమ్మి కాలు వెయ్యాలి. అందుకని మాట చెప్పే చోటు పెద్ద చోటు. బరువు పట్టుకోకుండా పక్కన నిలబడి మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు, షావుకారుకైనా సరే. అది ఆ పనివాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

మేస్త్రి మాట చెబితే "మెట్టు" అన్న పలుకు మెట్టు కన్నా సరిగ్గా ఒక్క అడుగు ముందు వచ్చేది. తొందరపడి ముందే చెబితే కాలు గాలిలో తడుముకుంటుంది, ఆలస్యమైతే మడమ గుద్దుకుంటుంది. ఆయన దగ్గర ఆ రెండూ ఉండవు. ఆ నేర్పు చూసే షావుకారు ఆయన్ని పెద్ద మేస్త్రిని చేశాడు. ఆ రోజు షాపులో అందరికీ భోజనాలు పెట్టించి, ఆయనకి కొత్త తోలు బూట్లు ఇచ్చాడు. మర్నాడు ఆయన ఎండెక్కాక వచ్చాడు. "బూట్లు కరిచాయండీ" అన్నాడు. "పెద్దవాడయ్యాడుగా, ఇక ఇలాగే వస్తాడు" అని అందరూ నవ్వుకున్నారు, ఆయనతో సహా.

ఆయన మాట మీద వెనక్కి నడిచేవాడు చిన్నోడు. ఆయన భార్యకి తమ్ముడు. పేరుకి చిన్నోడేగానీ ఇప్పుడు బావ కన్నా బెత్తెడు ఎత్తు. పనిలోకి వచ్చిన కొత్తలో వెనక్కి నడవాలంటే వణికేవాడు. "నా మొహం చూడరా. నేలని మర్చిపో" అని చెప్పి చెప్పి నడక నేర్పింది మేస్త్రే. అద్దం మీద కట్టర్ ములుకుతో గీత గీయడం, గీసిన వెంటనే అంచు కింద వేలితో చిన్న దెబ్బ వేసి పగలకుండా విడదీయడం, అన్నీ ఆయన చేతి చలవే.

నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా, మించిపోయాడు. అక్కడ మొదలైంది.

చిన్నోడు గీత గీస్తే నూలు పట్టి లాగినట్టుండేది. అదే రోజుల్లో మేస్త్రి గీత వంకర పోవడం మొదలెట్టింది. చెయ్యి వణికేది. ఇంకో గీత గీసేవాడు, అదీ అంతే. ములుకు అరిగిపోయిందని కొత్తది తెప్పించాడు. అరిగింది ములుకు కాదని ఆయనకీ తెలుసు, చూస్తున్నవాళ్లకీ తెలుసు. "బావా, ఇటివ్వు, నేను గీస్తా" అని చిన్నోడు మెత్తగా అంటే ఆ మెత్తదనం కట్టర్ కన్నా లోతుగా కోసేది. వాడు వెటకారంగా అని ఉంటే తిట్టి ఊరుకునేవాడు. వాడు వెటకారం చెయ్యడు. అదే పెద్ద చిక్కు.

మనిషి చిక్కిపోసాగాడు. తిండి తగ్గి కాదు. కంచం నిండా తిని మళ్లీ గిన్నె వైపు చూసేవాడు. తిన్నది ఎటు పోతోందో గానీ చొక్కా భుజాల మీంచి జారేది. చలిరోజుల్లో కూడా చెమటలు. అరచేతులు తడిసి అద్దం జారుతుంటే ప్యాంటుకి తుడుచుకుంటూ ఉండేవాడు. గుండె పరుగెత్తిపోతున్నట్టు కొట్టుకునేది. కళ్లు పెద్దవై, రెప్ప వెయ్యడం మర్చిపోయినట్టు చూసేవాడు. ఆ చూపు ఎవరి మీద పడితే వాళ్లు చేతిలోది దాచుకునేవారు.

"ఓర్వలేనితనంతో కరిగిపోతున్నాడు మనిషి" అన్నారు వీధిలో.

వాళ్లనుకోవడం అలా ఉంచండి. ఆయనా అదే అనుకున్నాడు.

ఎందుకనుకోడు? ఓర్వలేనితనం నిజంగా ఉంది. చిన్నోడు కొత్త చొక్కా వేసుకుంటే గుడ్డ నాణ్యం చూసేవాడు. వాడికి పడుకోగానే నిద్ర పడుతుందని భార్య మాటవరసకి అంటే, ఆ నిద్ర మీద కూడా కుళ్లుకున్నాడు. అద్దం కొలతలకి వచ్చినవాళ్లు "ఆ పొడుగబ్బాయి లేడా?" అని అడిగితే ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంటికొచ్చి తన అరచేతులు తానే చూసుకునేవాడు. ఇన్ని అద్దాలు మోసిన చేతులు, ఇంత చిన్న సంగతి మొయ్యలేవా అని.

కాళ్లు పడిపోవడం ఒక ముచ్చట కాదు, అనుభవించాలి. షావుకారు కొడుకు పెళ్లికి అద్దాల మంటపం బిగించి, ఒళ్లు హూనమై, కడుపునిండా భోంచేసి పడుకున్నాడు. తెల్లవారి లేవబోతే నడుము కింద మనిషి లేడు. మొద్దుబారడం కాదు. భార్య చెయ్యి వేస్తే తెలుస్తోంది, గిల్లితే నొప్పి తెలుస్తోంది. కాలుని కదలమంటే అది వినిపించుకోవడం లేదు, అంతే. మధ్యాహ్నం దాటాక ఎవరో తాళం తీసినట్టు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. వడ్రంగి కొత్త ఇంట్లో భోజనం చేసి వచ్చినప్పుడూ అదే తంతు.

ఆ తర్వాత వీధి చివర డాక్టరు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాడు. నడుచుకుంటూ వెళ్లిన మనిషి కాళ్లు పడిపోయాయంటే ఏ డాక్టరు నమ్ముతాడు? రక్తం తీసి చూశాడు, అంతా బాగానే ఉందన్నాడు. "మనసు కాస్త ప్రశాంతంగా ఉంచుకోండి" అని పంపేశాడు.

మేస్త్రికి అది తీర్పులా వినిపించింది. చదువుకున్నవాడు కూడా కనిపెట్టేశాడనుకున్నాడు. ఆ రోజు నుంచి కాళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. నడుం పట్టిందన్నాడు, జ్వరమన్నాడు. భార్యని కూడా నోరు విప్పొద్దన్నాడు. డాక్టరు గుమ్మంలో విన్నవాళ్ల నోళ్లు మాత్రం ఆగలేదు, కాకపోతే బావమరిది ముందు ఎవరూ అనేవారు కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా చిన్నోడికి తెలియకూడదు. ఎందుకంటే వాడు వెనక్కి నడిచేది ఆయన మొహాన్ని నమ్మి. మెట్ల మీద ఆయన మోకాలు ఒక్కసారి మడత పడితే అద్దం విరిగేది ఇద్దరి మీదా. అది తెలిస్తే వాడు నడవడు. వాడు నడవకపోతే ఈయన మాట ఎవరికి చెబుతాడు? గీత పోయింది, కండ పోయింది, మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని పోగొట్టుకోలేక వాడి ప్రాణాన్ని పణంగా పెడుతున్నానని ఆయనకి తెలుసు. ప్రతి మెట్టు దగ్గరా తెలుసు. "మెట్టు" అన్నాక తన మోకాలు నిలిచిందో లేదో లోపల చూసుకునేవాడు.

ఇలా ఉండగా చిన్నోడు సొంత కొట్టు తెరుస్తున్నానన్నాడు.

చెప్పడానికి ఇంటికే వచ్చాడు. వంటింటి గుమ్మంలో అక్క పక్కన నిలబడి, గోళ్లు గిల్లుకుంటూ చెప్పాడు. "బావా, మొదటి పని దొరికింది. మేడ మీద బట్టల షాపు, మొత్తం ముఖం ఒకే అద్దం. లిఫ్టులో పట్టదు, మెట్ల మీదే ఎక్కించాలి. నలుగురు పట్టుకోవాలి. మాట మాత్రం నువ్వే చెప్పాలి."

"కొట్టు నీది. మాట నువ్వే చెప్పుకో."

"నువ్వు చెబితేనే నాకు కాలు కదుల్తుంది బావా."

భార్య చెంగుతో కళ్లొత్తుకుంది. మేస్త్రికి మాత్రం ఒళ్లు మండింది. పని దొరికిందనీ కాదు, కొట్టు పెట్టాడనీ కాదు. ఇంత పెద్ద మనసు కూడా వాడికే ఉండాలా అని. తనకీ ఉండేది ఒకప్పుడు. అది కూడా వాడే పట్టుకుపోయినట్టుంది.

"చూద్దాంలే" అన్నాడు.

కొట్టు తెరిచిన రోజు సాయంత్రం విందు. మేస్త్రి ముందుగా వెళ్లి బోర్డు చూశాడు. అక్షరాలు తీరుగా ఉన్నాయి. లోపల అద్దం పట్టుకునే రబ్బరు కప్పులు కొత్తవి, విదేశాలవి. ఒకటి తీసి గోడ మీది అద్దానికి అంటించి లాగాడు, రాలేదు. రాకపోతే బాగుండునన్నట్టు కాక, వస్తే బాగుండునన్నట్టు లాగానని ఆయనకే తెలిసి సిగ్గేసింది.

పంక్తిలో టీ కొట్టు మనుషులు ఎదురుగా కూర్చున్నారు. ఆయన కంచం వైపే చూస్తున్నారు.

"ఏం మేస్త్రీ, ముద్ద దిగట్లేదా? బావమరిది కొట్టు గొంతులో అడ్డం పడిందా?"

అంతే, ఆయనకి పట్టుదల వచ్చేసింది. వీళ్ల నోళ్లు మూయించాలంటే ఒకటే దారి. తినాలి, సంతోషంగా ఉన్నవాడు తిన్నట్టు తినాలి. అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడు. తీపి వచ్చింది, తిన్నాడు. మళ్లీ వడ్డించమన్నాడు, తిన్నాడు. "మా బావమరిది కొట్టురా ఇది, నేను తినకపోతే ఎవరు తింటారు!" అని పక్కవాడి కంచంలోది కూడా తీసుకున్నాడు. పాకం గిన్నె వంచి తాగాడు. చిన్నోడు మొహం వెలిగిపోయింది. ఎదురు వరసవాళ్లు గొప్ప వేడుక చూసినట్టు చూశారు. ఆయన చేతులు కడుక్కుంటూ, గెలిచాననుకున్నాడు.

తెల్లవారింది. లేవబోయాడు. నడుము కింద మనిషి లేడు.

"ఏవండీ, మళ్లీనా?" అంది భార్య.

"తలుపు వెయ్యి. నాకు జ్వరమని చెప్పు."

ఆవిడ తలుపు వేసేలోపే మెట్ల మీద అడుగులు. చిన్నోడు పిలవడానికి వచ్చేశాడు, వెంట అద్దం మొయ్యడానికి పిలుచుకున్న వడ్రంగి. మంచం మీద బావని చూసి చిన్నోడు గుమ్మంలో ఆగిపోయాడు. "విన్నది నిజమేనన్నమాట" అని వడ్రంగి మొహం మీద రాసి ఉంది. దుప్పటి తల మీదికి లాక్కుందామంటే మేస్త్రికి చేతులు కూడా బరువుగా లేచాయి.

"నీరసం బావా. ఈ మధ్య ఎంత చిక్కిపోయావో నేను చూడట్లేదా? నువ్వు కదలకు" అని చిన్నోడు వంటింట్లోకి పరుగెత్తి, పెద్ద లోటా నీళ్లలో చక్కెర కలిపి తెచ్చాడు. చెంచా నిలబడేంత చక్కెర. తల కింద చెయ్యి వేసి లేపి, దగ్గరుండి తాగించాడు. బలం రావాలని ఇంకో లోటా.

బలం రాలేదు సరికదా, కాసేపటికి భుజాలు పోయాయి. మెడ తిప్పుదామంటే మెడ కూడా బద్ధకిస్తోంది. మేస్త్రి కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"ఏం కలిపావురా అందులో?"

"చక్కెర బావా."

"చక్కెరకి చేతులు పడిపోతాయా? నీ కొట్టుకి నేను అడ్డమనుకున్నావా? అడిగితే నేనే తప్పుకునేవాణ్ణి కదరా!"

చిన్నోడు చేతిలో లోటా వైపు చూసుకున్నాడు. అడుగున మిగిలిన చక్కెరని వేలితో తీసి తను నాకాడు, బావ చూస్తుండగా. తర్వాత లోటా కింద పెట్టి, "అక్కా, ఆ చేతుల కుర్చీ ఇటు తే" అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టారు. వడ్రంగి కుర్చీ ముందు కాళ్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ మెట్లు దిగాలి. చిన్నోడు వీపు వైపు పట్టుకుని మాట చెప్పాలి. మేస్త్రి మధ్యలో, అద్దంలా.

"మెట్టు" అన్నాడు చిన్నోడు. "మెట్టు. ఇంకో మెట్టు. మలుపు, కుడికి. ఆగు. ఊపిరి తీసుకో. మెట్టు."

సరిగ్గా ఒక్క అడుగు ముందు. తొందర లేదు, ఆలస్యం లేదు. చెయ్యీ కాలూ ఆడని స్థితిలో, సొంత బావమరిది విషం పెట్టాడేమోనన్న అనుమానంలో, వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుండగా, మేస్త్రికి తట్టింది ఒకటే: వీడు మాట కూడా నా కన్నా బాగా చెబుతున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నది. చిన్నోడు జరిగింది చెప్పబోతే, "ఉండండి" అని ముందు రక్తం తీయించింది. "కాళ్లు తిరిగొచ్చాక తీస్తే ఏమీ కనపడదు. ఇప్పుడే తియ్యాలి." గుండెకి తీగలు తగిలించారు. చేతులు ఆవిడే చాపి పట్టుకుని, వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. గాలి లేని గదిలో కాగితం గజగజలాడింది. మెడ ముందు వేళ్లు పెట్టి గుటక వెయ్యమంది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా అయిందా?"

మేస్త్రి చిన్నోడి వైపు చూశాడు. వాణ్ణి బయటికి పంపమందామనుకున్నాడు. పంపమని ఎలా అంటాడు, మోసుకొచ్చినవాణ్ణి?

"అయింది" అన్నాడు. "ఎవరికైనా మంచి జరిగితే అవుతుందమ్మా. షావుకారు కొడుకు పెళ్లికి. మా వడ్రంగి ఇంటికి. ఇప్పుడు వీడి కొట్టుకి. నాకు కుళ్లు. వీధిలో అందరికీ తెలుసు."

చిన్నోడు తలెత్తాడు. "వడ్రంగి విందప్పుడు నడుం నొప్పన్నావుగా బావా? ఆ మర్నాడే మనం నీళ్ల ట్యాంకు మేడకి అద్దం ఎక్కించాం."

మేస్త్రి కళ్లు దించుకున్నాడు. చిన్నోడికి అర్థమైంది. మొహం తెల్లబోయింది. వాడు గోడకి ఆనుకుని, వెనక నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు మడమతో తడుముకున్నాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, ఇంకెవరూ ఇంతవరకూ అడగని ప్రశ్న అడిగింది. "ఆ విందుల్లో ఏం తిన్నారు?"

"ఏం తినడమేంటమ్మా?"

"అన్నం, తీపి?"

"అది మామూలుగా కాదు" అంది భార్య, ఉండబట్టలేక. "నిన్నయితే పాకం కూడా వదల్లేదు."

"పొద్దున్న?"

"చక్కెర నీళ్లు" అన్నాడు చిన్నోడు మెల్లగా. "రెండు లోటాలు. నేనే పట్టాను."

రక్త పరీక్ష కాగితం వచ్చింది. డాక్టరమ్మ అది చూసి, నర్సుకి మందు చెప్పి, మంచం అంచున కూర్చుంది. చేత్తో గాలిలో గీతలు గీస్తూ చెప్పింది. మన కండలో ప్రతి కణం గోడలోనూ ఒక ఎంజైము ఉంటుందట. నీళ్లు తోడే పంపు లాంటిది. రక్తంలో ఉన్న పొటాషియం అనే లవణాన్ని, అయాన్లుగా, అంటే కరెంటు మోసే నలుసులుగా ఉన్నదాన్ని, లోపలికి తోడుతూ ఉంటుంది. ఎంత బయట ఉండాలో, ఎంత లోపల ఉండాలో లెక్క కుదిరితేనే నరం చెప్పిన మాట కండ వింటుంది.

"ఆ పంపుని తరిమేవి హార్మోన్లు. మీ గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోను వదుల్తోంది. ఒళ్లు తగ్గడం, చెమటలు, వణుకు, గుండెదడ, ఈ కళ్లు, అన్నీ దానివే. పంపు అప్పటికే పరుగుమీదుంది. దాని మీద మీరు కడుపునిండా అన్నం, తీపి తిన్నారు. ఇన్సులిన్ పొంగింది. అదీ పంపునే కొడుతుంది. పైగా రోజంతా బరువులు మోసి, వెంటనే పడుకున్నారు. పంపు ఉన్న పొటాషియమంతా లోపలికి లాగేసింది. రక్తంలో అడుగంటింది. ఇక నరం ఎంత అరిచినా కండకి వినపడదు."

"మరి నేను చక్కెర పట్టడం?" అన్నాడు చిన్నోడు.

"పరుగెత్తేదాన్ని ఇంకో దెబ్బ కొట్టారు. తెలియక. బలం కోసం అందరూ చేసే పనే. ఇకమీదట చెయ్యకండి."

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఏం కలిపావురా అన్న తన మాటే చెవుల్లో తిరుగుతోంది. "అయితే కుళ్లు వల్ల కాదా అమ్మా?" అన్నాడు.

"కుళ్లు కొలిచే పరీక్ష మా దగ్గర లేదు. మనసు బాగా కలత పడితే అది కూడా పంపుని ఓ తోపు తొయ్యొచ్చు, కాదనను. కానీ ఒట్టి కుళ్లుకే కాళ్లు పడిపోతే ఈ ఆసుపత్రిలో మా డాక్టర్లం ఒక్కళ్లం కూడా నిలబడలేం."

భార్య నవ్వింది. మేస్త్రికి నవ్వు రాలేదు. ఊరట కూడా పూర్తిగా రాలేదు. ఆవిడ చదువుకున్నది, మర్యాదకి అలా అంటోందేమోనని ఒక మూల ఉండనే ఉంది.

పొటాషియం మందు కొంచెం కొంచెంగా ఇచ్చారు. లోపలికి పోయింది ఎలాగూ వెనక్కి వస్తుంది, ఒక్కసారి పోసేస్తే ఎక్కువై గుండెకి ప్రమాదమట. చిన్నోడు అక్క వైపు తిరిగి, "పని ఒప్పుకున్నాను అక్కా" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం మళ్లీ వచ్చాడు. చొక్కా నిండా పుట్టీ మరకలు. మంచం పక్కన నిలబడ్డాడు.

"ఎక్కిందా?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కింది."

"గీత కూడా పడలేదా?"

"లేదు."

"మాట ఎవరు చెప్పారు?"

"నేనే."

మేస్త్రి గుండెలో భగ్గుమంది. అంత పెద్ద అద్దం, అన్ని మెట్లు, తను లేకుండా, గీతైనా పడకుండా. ఒక్క మూలైనా చిట్లి ఉండకూడదా! ఇంత కుళ్లు ఆయనకి ఎప్పుడూ కలగలేదు, షావుకారు కొడుకు పెళ్లిలో కలిగింది దీని ముందు ఎంత! చెవుల్లో వినిపించేంత కుళ్లు. అలవాటుగా భయపడి దుప్పటి కింద కాళ్ల వైపు చూశాడు. బొటనవేలు కదిపాడు, కదిలింది. మోకాలు మెల్లగా పైకి లాక్కున్నాడు. దుప్పటి గుడారంలా లేచింది. కుళ్లు అలాగే ఉంది, నిండుగా. మోకాలు కూడా అలాగే నిలబడింది.

అప్పుడు నమ్మాడు ఆయన. డాక్టరమ్మ గీతలు గీసి చెప్పినప్పుడు కాదు.

"నాకు ఇప్పుడు కడుపు మండిపోతోందిరా" అన్నాడు. "నువ్వు బాగా ఎక్కించావని."

చిన్నోడు చొక్కా మీది పుట్టీ గోక్కున్నాడు.

"నవ్వరా, నిజం. మండుతోంది, కాళ్లు ఆడుతున్నాయి. చూడు." రెండో మోకాలు కూడా లేపాడు. తర్వాత గొంతు తగ్గింది. "ట్యాంకు మేడ రోజున నేను నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు నా మాట మీద నడవవని చెప్పలేదు. నువ్వు నా మొహం చూసి కాలేశావు. నేను నా మోకాలు చూసుకుంటూ మాట చెప్పాను."

చిన్నోడు కిటికీ దగ్గరికి వెళ్లాడు. "పడి ఉంటే ఇద్దరం పోయేవాళ్లం బావా. అక్క ఒక్కతే మిగిలేది" అన్నాడు. తర్వాత, "డాక్టరమ్మ ఎత్తొచ్చని చెప్పేదాకా నువ్వు అద్దం ముట్టుకోవు. అంతవరకు మాట నాది" అన్నాడు.

"బరువు పట్టుకోనివాడికి మాట లేదు. ఆ కట్టుబాటు నాకే చెబుతావా?"

"నువ్వే నేర్పావు."

మందులు పని చెయ్యడానికి నెలలు పట్టింది. తీపి మానేశాడు, ఎవరైనా పిలిస్తే వెళ్లి పిడికెడు తిని లేచేవాడు. దానికీ అన్నారు, "చూశారా, ముద్ద దిగట్లేదు" అని. ఒంటికి కండ పట్టింది. చెయ్యి కుదురుకుంది, గీత తిన్నగా సాగింది. కళ్లు రెప్ప వెయ్యడం నేర్చుకున్నాయి. డాక్టరమ్మ సరేనన్న రోజున షావుకారు దగ్గర సెలవడిగి చిన్నోడి కొట్టుకి వెళ్లాడు. ఒక అద్దం బండి మీద ఎక్కించాల్సి ఉంది. ఇద్దరూ రెండంచుల దగ్గర నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు చెప్పు బావా."

"లేదు. నీ మాట ఎలా ఉంటుందో నా కాలికి తెలియాలి" అని మేస్త్రి తనే వెనక్కి నడిచే చోటికి వెళ్లాడు. అద్దంలోంచి చిన్నోడి మొహం ఒక్కటే కనిపించింది. నేలని మర్చిపోయాడు. "గడప" అన్నాడు చిన్నోడు, సరిగ్గా ఒక్క అడుగు ముందు. మేస్త్రికి మళ్లీ కుళ్లు పుట్టింది. కాలు మాత్రం గడప దాటి తిన్నగా నేల మీద పడింది.

వీధిలో మాట పోలేదు. పోదు కూడా. మందులు వాడి తగ్గించుకున్నాడని ఒకరంటే, "కుళ్లుకి కూడా బిళ్లలొచ్చాయా! మా అత్తకి ఓ డబ్బా కావాలి" అని ఇంకొకరు. ఒక సాయంత్రం ఆ మాట విని వచ్చి, మేస్త్రి గుమ్మంలో బూట్లు విప్పుతూ నిట్టూర్చాడు.

"ఏదేమైనా, నాకు మంచి జరిగినప్పుడు కాళ్లు ఒక్కసారీ పడిపోలేదు కదా. ఎప్పుడూ ఎదుటివాడికి జరిగినప్పుడే."

భార్య ఆ బూట్లు అందుకుంది. తోలు పాతబడింది. షావుకారు ఇచ్చినవే. "మిమ్మల్ని పెద్ద మేస్త్రిని చేసిన మర్నాడు షాపుకి ఆలస్యంగా వెళ్లారు, గుర్తుందా?"

"బూట్లు కరిచాయి."

"ఎవరికి కరిచాయండీ? పొద్దున్న మంచం మీంచి కాళ్లు దించలేకపోతే నేనే రెండు చేతులూ పట్టుకుని లేపాను. అలసటన్నారు, నవ్వారు, మర్చిపోయారు. షాపులో ఏం చెప్పాలా అని చూసి, బూట్ల మీదికి నెట్టారు."

మేస్త్రి ఆవిడ చేతిలోని బూట్ల వైపు చూశాడు. ఆయన కాళ్లు మొట్టమొదట పడిపోయింది తనకే విందు చేసిన మర్నాడు ఉదయం. ఆ రోజుకి ఆ బూట్లు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.